బ్రౌజర్‌కు అడ్మిన్ హక్కు దేనికి?

అరకు లోయలో పింఛనుకైనా, ధ్రువపత్రానికైనా చాలాసార్లు ముందు వేలిముద్ర పడాలి. కాఫీ తోటల్లో, పొలాల్లో పనిచేసి అరిగిన వేళ్లు ఒక పట్టాన పడవు. దానికి తోడు వేలిముద్ర యంత్రాన్ని కంప్యూటర్ గుర్తించకపోతే బయట క్యూ పెరుగుతుంది. ఆ కంగారులో చాలామంది సేవా కేంద్రాల ఆపరేటర్లు చేసే పని ఒకటే: బ్రౌజర్ మీద రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' నొక్కడం.

దాని అవసరం లేదు. ఆధార్ వేలిముద్ర యంత్రంతో ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ వస్తుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్మిన్ అనుమతి కావాలి, అంతే. ఆ తర్వాత అది విండోస్ సర్వీసుగా తెర వెనుక నడుస్తూ, అదే కంప్యూటర్‌లో 11100 నుంచి 11120 వరకు ఉన్న పోర్టుల్లో ఒకదాని మీద బ్రౌజర్ అడిగేదానికి జవాబిస్తుంది. యంత్రం పలకకపోతే 'సర్వీసెస్' తెరిచి ఆ సర్వీసు నడుస్తోందో లేదో చూడాలి. ఇంటర్నెట్‌లోని చెత్తంతా ముట్టుకునే బ్రౌజర్‌కు అడ్మిన్ హక్కు ఇస్తే, ఒక్క పాడు ఫైలు మొత్తం కంప్యూటర్‌ను చేజిక్కించుకోగలదు.

2007లో వచ్చిన విస్టా నుంచి విండోస్‌లో అడ్మిన్‌గా లాగిన్ అయినా ప్రోగ్రాములు మామూలు హక్కులతోనే నడుస్తాయి. తెర మసకబారి 'యెస్' అడిగినప్పుడు ఒప్పుకుంటేనే ఆ ఒక్క ప్రోగ్రాముకు పూర్తి హక్కు దక్కుతుంది. విసుగొచ్చి ఆ ప్రశ్ననే ఆపేయించుకునేవాళ్లున్నారు. అది శుద్ధ తప్పు.

నిజంగా అడ్మిన్ హక్కు కావాల్సిన పాత ప్రోగ్రామ్ ఉంటే, దాని ప్రాపర్టీస్‌లో 'కంపాటిబిలిటీ' ట్యాబ్ కింద 'రన్ దిస్ ప్రోగ్రామ్ యాజ్ యాన్ అడ్మినిస్ట్రేటర్' టిక్ పెట్టండి. అది తెరిచిన ప్రతిసారీ 'యెస్' అడుగుతుంది, అడగనివ్వండి. ఇలా నడిచే ప్రోగ్రాముకు నెట్‌వర్క్ డ్రైవ్‌లు ఒక్కోసారి కనపడవు, ఎక్స్‌ప్లోరర్ నుంచి ఫైలు లాగి వేస్తే పడదు. పాడైందేమోనని బెంగ పడకండి.

అయితే పాత బిల్లింగ్ ప్రోగ్రాముల గొడవ చాలాసార్లు ఇంత పెద్దది కాదు. అవి తమ డేటాను 'ప్రోగ్రామ్ ఫైల్స్'లోనే రాసుకోవాలని చూస్తాయి, మామూలు యూజర్‌కు అక్కడ రాసే వీలుండదు. డేటా ఉన్న ఆ ఒక్క ఫోల్డర్‌కు 'మాడిఫై' అనుమతి ఇస్తే సరి. బస్తాలు దించే మనిషికి గోదాము తాళం చాలు, బీరువా తాళం ఎందుకు?

లైనక్స్‌లో వాడే ఈ పద్ధతి లైనక్స్ కంటే పాతది. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో పుట్టిన 'సుడో' అనే కమాండ్‌తో ఫలానా యూజర్‌కు ఫలానా కమాండ్ మాత్రమే అని రాసిపెట్టవచ్చు. ఆ నియమాలు రాసే ఫైలును 'విసుడో'తోనే మార్చాలి. రాసే పద్ధతి తప్పితే అదే పట్టిస్తుంది.

సెంటర్ నడిపేవాళ్లు ఈ వారమే రెండు ఖాతాలు పెట్టుకోండి. రోజువారీ పనికి స్టాండర్డ్ ఖాతా, ఇన్‌స్టాల్ చేయడానికి అడ్మిన్ ఖాతా. రెండో దాని పాస్‌వర్డ్ మానిటర్ మీద అంటించకండి.