బుడగలు పట్టిచ్చిన గుండె

తెలకపల్లి మనిషికి ఆయాసమో, గుండెదడో వస్తే నాగర్‌కర్నూల్‌లో డాక్టరు టూడీ ఎకో, అంటే ధ్వని తరంగాలతో గుండె బొమ్మ, తీయించమంటాడు. ఆ బొమ్మ అందరికీ తేటగా రాదు. లావుపాటివాళ్లలో, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లలో ధ్వని తరంగాలు దారిలోనే చెదిరిపోతాయి. ఒంటికి రక్తం నెట్టే గది, ఎడమ జఠరిక, అంచు కనబడదు. అంచు దొరక్కపోతే గుండె ఎంత రక్తం నెడుతోందో లెక్క తేలదు. ఈ చిక్కును విప్పింది గాలిబుడగ.

1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు లోహపు అతుకుల్లో లోపాలు వెతికే పరికరాన్ని ఓడల కర్మాగారం నుంచి అరువు తెచ్చి గుండెకు ఆనించారు. ఎకో పుట్టింది అలాగే. 1968లో అమెరికాలోని రోచెస్టర్‌లో రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా గుండెలోకి గొట్టంతో రంగుమందు ఎక్కించినప్పుడు తెరమీద ప్రతిధ్వనులు మబ్బులా కమ్మాయి. రంగు వల్ల కాదు, మందుతోపాటు లోపలికెళ్లిన సూక్ష్మ బుడగల వల్లేనని తర్వాత తేలింది. వాయువు ధ్వనిని బలంగా వెనక్కి కొడుతుంది. పైగా తరంగం తగిలినప్పుడల్లా బుడగ ఉబ్బుతూ, ముడుచుకుంటూ తనదైన ధ్వని పుట్టిస్తుంది. ఈనాటి యంత్రాలు ఆ ధ్వనినే ఏరి పట్టుకుంటాయి.

మామూలు గాలిబుడగ ఊపిరితిత్తులు దాటలేదు. అందుకే ఎర్ర రక్తకణం కన్నా చిన్న బుడగలకు ప్రొటీన్‌తోనో కొవ్వుతోనో పెంకు కట్టి, రక్తంలో త్వరగా కరగని వాయువు నింపారు. చేతి నరంలోకి ఎక్కిస్తే ఇవి ఎడమ జఠరిక దాకా చేరి దాని అంచు గీసి చూపుతాయి, అడుగున గడ్డకట్టిన రక్తం ఉంటే బయటపెడతాయి. నాకు అన్నిటికన్నా అద్భుతమనిపించేది ఆ తర్వాతి ఎత్తు. బలమైన తరంగంతో గుండె కండరంలోని బుడగలన్నిటినీ ఒక్కసారి పగలగొట్టి, కొత్తవి ఎంత వేగంగా నిండుతాయో చూస్తారు. ఆలస్యంగా నిండిన చోట రక్తం సరిగా అందడం లేదన్నమాట. వాయువు ఊపిరితో బయటికి పోతుంది కాబట్టి మూత్రపిండాల మీద భారం పడదు. అరుదుగా అలర్జీ రావచ్చు, అందుకే మనిషిని కనిపెట్టుకుని ఉంటారు.

ఈ బుడగల మందులు ఖరీదైనవి. కానీ గుండె గదుల మధ్య రంధ్రం వెతకడానికి సెలైనే చాలు. రెండు సిరంజీలు కలిపి, 9 మిల్లీలీటర్ల సెలైన్‌ను 1 మిల్లీలీటరు గాలితో అటూ ఇటూ గిలక్కొట్టి వెంటనే ఎక్కిస్తారు. నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇలాంటి జిల్లా కళాశాలల్లో ప్రతి విద్యార్థికీ ఈ పరీక్ష చేయడం రావాలని నా కోరిక. ఈ పరీక్షలో గుండె కుడివైపు నిండిన బుడగలు మూడు స్పందనల్లోపే ఎడమవైపు కనిపిస్తే గుండెలోనే దారి ఉందని అనుమానించాలి. ఇంకా ఆలస్యంగా వస్తే ఊపిరితిత్తుల్లో వెతకాలి.