అక్షరానికి లొంగిన యంత్రం

'స్త్రీ' అని పలక మీద రాయమంటే రెండో తరగతి పిల్లవాడైనా రాస్తాడు. 'స'కు గుడి దీర్ఘం పెట్టి, కింద 'త' ఒత్తు, 'ర' ఒత్తు చేరుస్తాడు. పిల్లల చేతికి ఇంత సులువుగా వచ్చే పని యంత్రానికి మాత్రం చాలాకాలం పట్టుబడలేదు. ఆ విద్యను కంప్యూటర్‌కు నేర్పినవారిలో ముఖ్యుడు ఒక మరాఠీ కవి కావడం విశేషం. ఆయన చిత్రకారుడు, అధ్యాపకుడు కూడా. పేరు రఘునాథ్ కృష్ణ జోషి. ఆర్.కె. జోషి అంటేనే ఎక్కువమందికి తెలుసు.

కొలువు వదిలి పాఠాలకు

1936లో జన్మించిన జోషి బొంబాయిలో ప్రకటనలు తయారుచేసే ఉల్కా సంస్థలో రెండు దశాబ్దాలకు పైగా పనిచేశారు. అక్షరమే ఆయన లోకం. కుంచెతోనూ, కలంతోనూ అక్షరాలు గీసేవారు. అక్షరాలనే బొమ్మల్లా పేర్చి మరాఠీలో కవితలు కట్టేవారు. 1983లో ఆ కొలువు వదిలి బొంబాయి ఐ.ఐ.టి.లోని పారిశ్రామిక డిజైన్ కేంద్రంలో అధ్యాపకుడిగా చేరారు. యంత్రాల చదువు చెప్పే చోట అక్షరం అందం గురించి 1996 వరకూ పాఠాలు చెప్పారు. ఆ తర్వాత ముంబయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ కేంద్రంలో కంప్యూటర్ నిపుణులతో కలిసి పనికి కూర్చున్నారు.

ఏమిటా చిక్కు?

ఇంగ్లీషు అక్షరాలు వరుసలో నిలబడ్డ మనుషుల్లాంటివి. ఒకదాని పక్కన ఒకటి పెడితే మాట తయారవుతుంది. మన అక్షరాలు అలా కాదు. ఒకటి తల మీద ఎక్కుతుంది, ఇంకొకటి కాళ్ల కింద చేరుతుంది. 'క'కు గుడి పెడితే తలకట్టు పోవాలి. టైపు మిషన్లు వచ్చినప్పుడు వాటికున్న కొద్దిపాటి మీటల్లోనే ఒత్తులు, గుణింతాలు అన్నీ సర్దాల్సి వచ్చింది. అక్షరమే తన కుదురు వదులుకుని మిషనుకు లొంగింది.

కంప్యూటర్లు వచ్చాక మరో తంటా. ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో లెక్క. ఒకచోట టైపు చేసిన తెలుగు మరో కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనిపించేది. ఈ గొడవ తీర్చడానికే ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ తలా ఒక అంకె కేటాయిస్తూ యూనికోడ్ పద్ధతి 1991లో వచ్చింది. అందులో తెలుగుకూ చోటు దక్కింది.

అయితే అంకెకు రూపం ఉండదు కదా! 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కంప్యూటర్ లోపల ఆరు అంకెలుగా ఉంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడి దీర్ఘం. చివర కొట్టిన దీర్ఘం వెనక్కి వచ్చి మొదటి 'స' మీద కూర్చోవాలి. ఏ గుర్తు ఎక్కడ కూర్చోవాలి, ఏది రూపు మార్చుకోవాలి అన్నది ఒక్కొక్కటిగా చెప్పి, అన్ని రూపాలూ గీసిపెట్టాలి. అలా తయారైన అక్షరాల కట్టే ఫాంటు. దీనికి గీసే చెయ్యీ కావాలి, లెక్క తెలిసిన బుర్రా కావాలి. జోషి బృందంలో రెండూ కలిశాయి.

గోదావరి పేరుతో

ఆయన పర్యవేక్షణలో మైక్రోసాఫ్ట్ సంస్థ కోసం తయారైన తెలుగు ఫాంటు పేరు గౌతమి. మన గోదావరి పాయ పేరే! కన్నడానికి తుంగ, గురుముఖికి రావి, హిందీ మరాఠీల నాగరి లిపికి మంగళ్ కూడా ఆయన ఆధ్వర్యంలో వచ్చినవే. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి దేశదేశాల కంప్యూటర్లలోకి చేరింది. వేరే ఫాంటు కొననవసరం లేకుండానే తెలుగు తెలుగులా కనిపించింది. ఇన్నాళ్లూ యంత్రానికి లొంగిన అక్షరానికి ఇప్పుడు యంత్రమే లొంగింది.

జోషి 2008 ఫిబ్రవరి 5న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశారు. గౌతమి తర్వాత తెలుగువారే గీసిన ఫాంట్లు ఎన్నో వచ్చాయి. నేడు పొలం గట్టు మీద నిలబడి కొడుక్కి ఫోనులో తెలుగులో కబురు పంపే రైతుకు ఈ చరిత్రతో పని లేకపోవచ్చు. కానీ ఒక సంగతి ఆలోచించదగ్గది. జోషి యంత్రానికి ఇచ్చిన విద్య కుంచె పట్టిన చేతి నుంచి వచ్చినదే. ఊళ్లలో గోడల మీద, దుకాణాల బోర్డుల మీద ముచ్చటగా అక్షరాలు రాసే పెయింటర్ల పనిని ఫ్లెక్సీలు లాక్కున్నాయి. బడిలో చేతిరాతకు ఇచ్చే సమయమూ తగ్గుతోంది. చేతికే రాని వంపును రేపు యంత్రానికి నేర్పేదెవరు? పిల్లలకు కంప్యూటర్ నేర్పించాల్సిందే. దాంతోపాటు పలక మీద నాలుగు అక్షరాలు గుండ్రంగా దిద్దించడమూ పెద్దల బాధ్యతే.