కడుపు చెప్పు మాట, మెదడు వినుట

వైశాఖమాసమున మైలవరం బజారులో నడచునపుడు పండిన మామిడిపండ్ల వాసన సోకినచో మన నడక తనంతట మందగించును. చూపు పండ్లబుట్టపై నిలుచును. ఈ నిలుకడకు అవధానమని పేరు. తిన్న పిమ్మట మరల కావలెననిపించు తృప్తికి ప్రతిఫలమని పేరు. పండు సంగతిని ముక్కును, నాలుకయు మాత్రమే మెదడునకు తెలుపునని తలతుము. కాని కడుపును తెలుపును.

మెడకు ఇరుప్రక్కల దిగి, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణకోశముల దాక ప్రాకు నరము వేగస్. దీని తంతువులలో అధికభాగము అవయవముల వార్తలనే మెదడునకు మోయుచున్నవి. ఆ వార్తలు మెదడు కాండమును చేరి, లోకస్ సెరూలియస్, అనగా నీలి తావు, అను చిన్న కేంద్రమును తట్టును. అది నారడ్రినలిన్ అను ద్రవ్యమును మెదడంతట ప్రసరింపజేసి మనస్సును మేల్కొలుపును.

ప్రతిఫలపు మర్మము 1954లో కెనడాలో బయటపడినది. ఓల్డ్స్, మిల్నర్ అను శాస్త్రజ్ఞులు ఎలుక మెదడులో సన్నని తీగ నిలిపి, మీట నొక్కినపుడు స్వల్ప విద్యుత్తు పాఱునట్లు చేయగా, ఎలుక విడువక మీట నొక్కసాగినది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో శంకరనారాయణరావు, దేశిరాజు, రాజుగార్లు 1993లో ప్రకటించిన పరిశోధనలో, ఇట్టి అనుభవము పొందిన ఎలుకల మెదడు కణముల శాఖలే హెచ్చినట్లు తేలినది. సుఖము వచ్చి పోవునది మాత్రమే కాదు, మెదడు కట్టడమును మార్చునది కూడ. 2018లో మఱియొక సంగతి వెల్లడియైనది. ప్రేగులనుండి వచ్చు వేగస్ తంతువులను ప్రేరేపింపగా చుంచెలుకలు ఆ ప్రేరణనే కోరినవి. వాని మెదడులో డోపమిన్ ఊరినది.

మూర్ఛరోగులకై మెడలో అమర్చు వేగస్ ప్రేరకమును అమెరికా ప్రభుత్వము 1997లో అనుమతించినది. ఈ నరపు శాఖ చెవిదొప్పలోను ఉన్నది. అందుచే చెవికి తగిలించు పరికరములతో అవధానము పెరుగునా యని నేడు పరీక్షించుచున్నారు. ఫలితములు ఒకచోట అనుకూలము, మఱొకచోట శూన్యము. కావున పరీక్షల వేళ బిడ్డ చదువు నిలుచునని చెప్పి అమ్ము పరికరమునకు సొమ్ము వెచ్చింపకుడు. గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక దానిని తాకరాదు.

పండ్లబుట్టపై నిలిచిన చూపును పాఠముపై నిలుపుటకు మన చేతిలోని సాధనములు పాతవే: వేళకు అన్నము, కంటినిండ నిద్ర, చదివినంతనే ఒక మెచ్చుకోలు. నరముల భాష తెలియక మునుపే మన తల్లులు వీనిని ఎఱుగుదురు.