సంప్రదాయ నిష్ఠ: రష్యా క్రైస్తవుల అనుభవం

సంప్రదాయ నిష్ఠ అనగానే మొండితనం అనీ, అజ్ఞానం అనీ భావించేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అది సిద్ధాంతం కావడానికి ముందు ఒక మనస్తత్వం. తాను కనుగొన్నదాని కంటే తనకు అందినదే గొప్పదని నమ్మే స్వభావం అది. అటువంటి వ్యక్తి ఒక ఆచారానికి కారణం తెలియనంత మాత్రాన దానిని వదలడు. కారణం ఉండే ఉంటుందనీ, తనకే ఇంకా బోధపడలేదనీ అనుకుంటాడు. ఈ స్వభావానికి మూలం వినయం, కృతజ్ఞత. అయితే దీనికి ఒక ప్రమాదం కూడా పొంచి ఉన్నది.

క్రైస్తవ గ్రంథంలోనే ఈ రెండు పార్శ్వాలూ కనిపిస్తాయి. మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో, మనుషుల పారంపర్యాచారం కొరకు దైవాజ్ఞను పక్కకు నెట్టినవారిని యేసు మందలిస్తారు. థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రికలోనేమో, తాము నేర్పిన విధులను గట్టిగా పట్టుకొనవలసిందని పౌలు బోధిస్తాడు. ఏది పారంపర్యాచారం, ఏది విడువరాని విధి? క్రైస్తవ చరిత్రలో ఈ ప్రశ్న ఎంత తీవ్రమైన రూపం ధరించగలదో తెలుసుకొనడానికి 17వ శతాబ్దపు రష్యాను చూడాలి.

1652లో నికోన్ మాస్కో పేట్రియార్క్ అయినాడు. రష్యన్ల ఆరాధనా విధానం నాటి గ్రీకుల విధానంతో సరిపోవడం లేదని గమనించి, దానిని సవరించ పూనుకొన్నాడు. అప్పటివరకు రష్యన్లు రెండు వేళ్లతో సిలువ గుర్తు వేసుకొనేవారు. ఇక మూడు వేళ్లతో వేసుకొనవలెనని 1653లో ఆజ్ఞాపించాడు. రెండుసార్లు పలికే ‘హల్లెలూయ’ మూడుసార్లయింది. యేసు పేరులో ఒక అక్షరం పెరిగింది. విశ్వాస ప్రమాణంలో ఒక మాట తొలగింది.

ఇంత చిన్న విషయాలకు కలహమా అని నేటి పాఠకునికి తోచవచ్చు. కాని ఆ రెండు వేళ్లు క్రీస్తులోని దైవత్వానికీ, మానవత్వానికీ గుర్తులు. తల్లి ఒడిలో బిడ్డ నేర్చిన మొదటి మత పాఠం అదే. పైగా 1551లో మాస్కోలో జరిగిన మత సభ, రెండు వేళ్లతో సిలువ గుర్తు వేసుకొననివారిని శపించి ఉన్నది. గ్రీకులు 1439లో రోముతో రాజీపడ్డారనీ, అందుకు శిక్షగానే 1453లో కాన్‌స్టాంటినోపుల్ వారి చేజారిందనీ రష్యన్ల విశ్వాసం. మరి వారిని చూసి తమ ఆచారాన్ని దిద్దుకొనడమేమిటి? తాతముత్తాతలు, సాధుసంతులు తప్పుడు ఆరాధన చేసి మరణించారని ఒప్పుకొనవలెనా? వారిని బాధించిన అసలు ప్రశ్న ఇదే.

నికోన్ 1666లో పదవీచ్యుతుడైనాడు గాని అతని సంస్కరణలు నిలిచాయి. 1667లో మత సభ వ్యతిరేకులపై బహిష్కార శాపం పెట్టింది. సొలొవెట్స్కీ మఠ సన్యాసులు ఎనిమిదేళ్లు సైన్యాన్ని ఎదిరించి 1676లో ఓడిపోయారు. ఒకప్పుడు నికోన్‌తో కలసి మత సంస్కారానికి పాటుపడిన అవ్వాకుమ్ అనే మతగురువు, ఉత్తరాన పుస్తొజెర్స్క్‌లో సుమారు 14 ఏళ్లు బందీగా ఉండి, 1682లో సజీవంగా దహించబడ్డాడు. హింసకు లొంగలేక వేలాదిమంది తమకు తామే నిప్పంటించుకొన్నారు. వీరినే ‘పాత విశ్వాసులు’ అంటారు.

ఇక్కడే ఒక విషాదం గమనించవలసి ఉన్నది. పాత విశ్వాసుల పక్షాన బిషప్పు ఎవరూ మిగలలేదు. బిషప్పు లేనిదే కొత్త మతగురువుల నియామకం జరగదు. కొందరు అధికార చర్చి నుండి వచ్చిన గురువులను చేర్చుకొన్నారు. మరికొందరు అందుకు సమ్మతించక, గురువులు లేకుండానే జీవించసాగారు. గురువు లేనందున ప్రభురాత్రి భోజన సంస్కారమే వారికి దూరమైంది. వేళ్ల అమరికలో అణుమాత్రం మార్పును సహించనివారు, తమ ఆరాధనకు హృదయం వంటి సంస్కారాన్నే కోల్పోయారు! కొమ్మను కాపాడబోయి వేరుకు దూరమైనారు.

అయితే తప్పు వారిదేనా? 19వ శతాబ్దంలో కాప్తెరెవ్, గొలుబిన్స్కీ వంటి రష్యన్ చర్చి పండితులే పరిశోధించి, రెండు వేళ్ల ఆచారం గ్రీకుల నుండే వచ్చిన పాత ఆచారమనీ, మారినది గ్రీకులేననీ చూపారు. ప్రాచీనత పేరిట సంస్కరించినవారు పట్టుకొన్నది కొత్త ఆచారాన్ని! 1905లో జార్ ప్రభుత్వం పాత విశ్వాసులకు మత స్వేచ్ఛ ఇచ్చింది. 1971లో రష్యన్ ఆర్థొడాక్స్ చర్చి నాటి శాపాలను రద్దుచేసి, పాత ఆచారం కూడా రక్షణకు సాధనమేనని అంగీకరించింది. ఈ ఒక్క మాట చెప్పడానికి 304 ఏళ్లు పట్టింది.

ఐదవ శతాబ్దపు క్రైస్తవ రచయిత విన్సెంట్, లెరిన్స్ ద్వీపంలోని సన్యాసి, మతబోధ ఎదుగుదలను శిశువు పెద్దవాడు కావడంతో పోల్చాడు. అవయవాలు పెరుగుతాయి, మనిషి మాత్రం అతడే. సంప్రదాయ నిష్ఠుడు కాపాడవలసింది ఆ మనిషిని. ఏ మార్పునూ సహించనివాడు ఎదుగుదలనే మృత్యువుగా భ్రమించగలడు. సంస్కర్త కూడా ఒక సంగతి మరువరాదు. తనకు అల్పంగా కనిపించే ఆచారంలోనే సామాన్యుని విశ్వాసమంతా ఇమిడి ఉండవచ్చు. దానిని బలవంతంగా పెరికినచోట విశ్వాసం కూడా గాయపడుతుంది. నచ్చజెప్పే ఓపిక మాస్కో అధికారులకు ఉండి ఉంటే, పుస్తొజెర్స్క్‌లో ఆ మంట రగిలేది కాదు.