సూట్ ఎక్కేవారు... డెక్ ఎక్కినవారు

విలాస నౌకల్లో సూట్ టిక్కెట్టుకు దక్కే మర్యాదలేమిటి? ఓడ తరగతుల సంగతి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరానికి కొత్తేం కాదు

కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారి ఒకాయన కొడుకు పెళ్ళి కాగానే ఇంటిల్లిపాదినీ క్రూయిజ్‌కి తీసుకెళ్దామనుకున్నారనుకోండి. పదేళ్ళ కిందటైతే ఆ మాటకి ఇంట్లో వాళ్ళు నవ్వేసేవారు. ఇప్పుడు నవ్వరు, తేదీ అడుగుతారు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఓడ ‘ఎంప్రెస్’ చెన్నై నుంచి విశాఖ వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ మొదలైంది. 2024 ఏప్రిల్‌లో ‘ది వరల్డ్’ అనే ఓడ అక్కడికొచ్చి ఆగింది. అందులో గదులు అద్దెకి తీసుకునేవి కావు. కోటీశ్వరులు ఫ్లాట్లలాగా కొనుక్కున్నవి. పలాస స్టేషన్లో రైలెక్కితే విశాఖ సుమారు 200 కిలోమీటర్లు. అంటే సముద్ర విహారం మనకు సగం రోజు దూరంలోకి వచ్చేసినట్టే.

ఏజెంటు దగ్గర కూర్చోగానే మొదటి ప్రశ్న ఎదురవుతుంది. లోపలి గదా, కిటికీ ఉన్న గదా, బాల్కనీ గదా, సూటా? ఎంప్రెస్‌లో ఉన్న 796 గదులూ ఒకే ఇంజను మీద, ఒకే రోజున, ఒకే రేవుకి చేరతాయి. రేట్లు మాత్రం పొంతన లేనంత తేడా. ఆ తేడాకి ఓడవాళ్ళు ఇచ్చేదేమిటి?

మంచం వెడల్పు, సోఫా, బాత్‌టబ్ అన్నవి చిన్న సంగతులు. అసలు అమ్మేది క్యూ లేకపోవడాన్ని. వేలమంది ఎక్కే ఓడలో ప్రతి పనికీ నిలబడాలి. ఎక్కడానికి, దిగడానికి, లిఫ్టుకి, టిఫిన్‌కి, ఈత కొలను పక్క కుర్చీకి, రాత్రి నాటకం సీటుకి. సూట్ ప్రయాణికుడికి వీటిలో చాలా వాటికి వేరే దారి ఉంటుంది. రేవులో వేరే కౌంటరు, కూర్చోడానికి వేరే హాలు. ఓడ రేవు దాకా రాలేని చోట ఒడ్డుకి చేర్చే చిన్న పడవల్లో ముందు వరుస. చివరి రోజున అందరూ సామాన్లతో మెట్ల దగ్గర తోసుకుంటుంటే, వీళ్ళని ఒక మనిషి పక్క దారిన దించేస్తాడు. నాటకశాలలో సీట్లు పట్టి ఉంచుతారు. గదికి ఒక బట్లర్ ఉంటాడు. పెట్టె సర్దిపెట్టడం, చొక్కా ఇస్త్రీ, సాయంత్రం ఫలహారం, ఊరు చూసే టూర్ల బుకింగ్ అన్నీ ఆయన పనే.

కంపెనీని బట్టి ఇది ఇంకా పెరుగుతుంది. రాయల్ కరీబియన్ వాళ్ళు 2016లో సూట్లని సీ, స్కై, స్టార్ అని మూడు మెట్లుగా విడదీశారు. సూట్ల వాళ్ళ కోసం ఉన్న హోటల్లో సీ మెట్టు వాళ్ళకి రాత్రి భోజనం దొరుకుతుంది. స్కై వాళ్ళకి మూడు పూటలా అక్కడే. స్టార్ వాళ్ళకి ‘రాయల్ జీనీ’ పేరుతో ఒక మనిషినే కేటాయిస్తారు. పానీయాలు, ఖరీదైన హోటళ్ళు, ఇంటర్నెట్, ఆఖరికి సిబ్బందికిచ్చే టిప్పులు కూడా టిక్కెట్టులోనే కలిపేస్తారు. అంటే సూట్ల వాళ్ళలోనూ సూట్లు! కునార్డ్ ఓడల్లో అయితే మీ గదే మీరు తినే బల్లని నిర్ణయిస్తుంది. క్వీన్స్ గ్రిల్ వాళ్ళు ఒకచోట, ప్రిన్సెస్ గ్రిల్ వాళ్ళు ఇంకోచోట, మిగతా జనం బ్రిటానియా హాల్లో. ఎంఎస్‌సీ సంస్థ 2008లో ‘ఫాంటాసియా’ ఓడతో ‘యాట్ క్లబ్’ తెచ్చింది. నార్వీజియన్ సంస్థది ‘హేవెన్’. ఈ రెండూ ఓడలో ఓడలు. తాళం కార్డు గీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. లోపల వాళ్ళ కొలను, వాళ్ళ హోటలు, వాళ్ళ ఎండ వేరు.

చిత్రం ఏమిటంటే, ఈ తేడాలని చెరిపేస్తామనే క్రూయిజ్ వ్యాపారం జనంలోకి వచ్చింది. అట్లాంటిక్ దాటే పాత ఓడల్లో మొదటి, రెండో, మూడో తరగతుల మధ్య ఇనుప గేట్లుండేవి. 1912లో టైటానిక్ మునిగినప్పుడు మొదటి తరగతి వాళ్ళలో నూటికి 60 మందికి పైగా బతికితే, మూడో తరగతిలో నాలుగోవంతు మందే బయటపడ్డారు. విమానాలొచ్చి ఆ ఓడల గిరాకీ పోయాక, 1970ల నుంచి కార్నివాల్ లాంటి సంస్థలు అందరికీ ఒకే హాలు, ఒకే భోజనం అంటూ మధ్యతరగతిని పిలిచాయి. ముప్ఫై నలభై ఏళ్ళు గడిచాయో లేదో, గేట్లు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఇనుపవి కావు, అద్దంవి.

రంగం ఓడలు

ఉద్దానంలో పెద్ద వయసు వాళ్ళున్న ఇళ్ళలో ‘మా తాత రంగం వెళ్ళొచ్చాడు’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. రంగమంటే రంగూన్. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా గంజాం జిల్లాలోదే. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు గోపాలపూర్, బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడల మీదుగా తిరిగేవి. బారువలోగానీ, కళింగపట్నంలోగానీ ఓడ ఒడ్డుకు ఆనుకునే రేవు లేదు. ఓడ దూరంగా లంగరేస్తే, తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో కెరటాలు దాటుకుంటూ జనాన్ని చేరవేసేవారు. ఇవాళ సూట్ ప్రయాణికుడికి చిన్న పడవలో ముందు చోటు ఒక హక్కు. ఆనాటి కూలీకి ఆ పడవ తిరగబడకుండా ఓడ దాకా చేరడమే భాగ్యం.

ఆ ఓడల్లో తరగతులు రెండే అనుకోవచ్చు. కేబిన్ వాళ్ళు, డెక్ వాళ్ళు. కేబిన్‌లో దొరలు, అధికారులు, పెద్ద వర్తకులు. డెక్ వాళ్ళకి మంచం లేదు, గది లేదు. చెక్క నేల మీద చాప పరుచుకుని పడుకోవాలి. పైన గుడ్డ పందిరి. ఒక్కో మనిషికి ఎంత జాగా ఉండాలో చదరపు అడుగుల్లో లెక్కగట్టడానికి 1887లో ప్రభుత్వం ఏకంగా ఒక చట్టమే చేసింది. నేటివ్ పాసింజర్ షిప్స్ యాక్ట్ దాని పేరు. ఆ అడుగుల్లోనే సామాను, పిల్లలు, వాంతులు, వంటా. డెక్ ఓడ అంటే ఏ కొలతలో ఉండేదో తెలియాలంటే ఇదే కంపెనీ 1926లో కట్టించిన ‘రజులా’ని చూడాలి. మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్ మధ్య తిరిగిన ఆ ఓడకి మొదట్లో ఐదు వేలమందికి పైగా డెక్ ప్రయాణికుల్ని ఎక్కించుకునే అనుమతి ఉండేది. కేబిన్ వాళ్ళు చాలా కొద్దిమందే.

పంటలు ఇంటికి చేరగానే మేస్త్రీలు ఊళ్ళ మీదికొచ్చి బయానా ఇచ్చి మనుషుల్ని పోగేసేవారు. రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికి, బియ్యం మిల్లుల్లో పనికి, రిక్షా లాగడానికి మనవాళ్ళు వెళ్ళారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైగా ఉన్నారు. అప్పటికి ఏడాది ముందే, 1930 మేలో, రంగూన్ రేవు పనుల మీద బర్మీయులకీ తెలుగు కూలీలకీ మధ్య పెద్ద అల్లర్లు చెలరేగాయి. ఇదే దారిలో తిరిగే కంపెనీ ఓడల్లో ఒకటైన ‘చిల్కా’ 1917లో బారువ దగ్గర మునిగింది. దాని శిథిలాల కోసం ఇప్పుడు స్కూబా డైవర్లు దిగుతున్నారు.

తరగతి అంటే నిజంగా ఏమిటో 1941 డిసెంబరు 23న తెలిసింది. జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేసిన రోజది. జనమంతా రేవుకి పరిగెత్తారు. కేబిన్ టిక్కెట్టు కొనగలిగినవాడికి ఓడ ఉంది. కూలీలు వెళ్ళిపోతే రేవు ఆగిపోతుందని, డెక్ టిక్కెట్ల మీద మగవాళ్ళు ఓడెక్కకుండా బర్మా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. ఆ తరవాత నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. వాళ్ళలో ఎక్కువమంది అరకాన్ కొండల మీదుగా, చింద్విన్ లోయ మీదుగా నడిచారు. వేలమంది దారిలోనే పోయారు. విశాఖ కంచరపాలెంలో ‘బర్మా క్యాంపు’ అన్న పేరు బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ గుర్తుగా మిగిలింది.

కాబట్టి సూట్ వాళ్ళకి బట్లర్ ఉన్నాడని, వేరే కొలను ఉందని నాకేమీ బాధ లేదు. సరదాకి వెళ్ళేవాడు తన డబ్బుతో ఎంత దర్జాగా వెళ్తే ఎవరికేం నష్టం? నిజం చెప్పాలంటే, లోపలి గది అంత చవగ్గా దొరకడానికి పైనున్న సూట్ల రేట్లు కూడా ఒక కారణం. బతుకుదెరువుకి వెళ్ళే ఓడలో తరగతి లెక్క మాత్రం వేరు. అలాంటి ఓడ ఇంకా ఒకటి నడుస్తోంది.

విశాఖ నుంచి అండమాన్‌కి

అండమాన్‌లో ఉన్న తెలుగువాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ జిల్లాల వాళ్ళే. వాళ్ళలో మత్స్యకార కుటుంబాలు చాలా. మన తీరం ఊళ్ళకి అక్కడ చుట్టాలున్నారు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి, అంటే 2024 నుంచి శ్రీ విజయపురంగా పేరు మారిన ఊరికి, ప్రభుత్వ ఓడ వెళ్తుంది. ప్రయాణం మూడు రోజులకి అటూ ఇటూ. ఈ దీవుల ఓడల్లో ‘స్వరాజ్ ద్వీప్’ని విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డులోనే కట్టారు.

ఇందులోనూ సూట్ లాంటిది ఉంది. డీలక్స్ కేబిన్ అంటారు. దాని కింద మొదటి తరగతి, రెండో తరగతి, అన్నిటికంటే కింద బంకు. డీలక్స్‌లో ఇద్దరికో గది, సొంత బాత్‌రూమ్. మొదటి, రెండో తరగతుల్లో గదిని తోటివాళ్ళతో పంచుకోవాలి. బంకు అంటే పెద్ద హాలు, వరసలు వరసలుగా ఒకదాని మీద ఒకటి పడకలు, అందరికీ కలిపి మరుగుదొడ్లు. తిండి దగ్గరా తేడా ఉంది. కేబిన్ వాళ్ళ భోజనశాల వేరు, బంకు వాళ్ళ క్యాంటీన్ వేరు. దీవుల్లో స్థిరపడ్డవాళ్ళకి, వాళ్ళ కార్డు చూపిస్తే, ఛార్జీలో రాయితీ ఉంటుంది. ఓడలో డబ్బుతో కాకుండా ఊరుతో వచ్చే మర్యాద ఇదొక్కటే నాకు కనిపించింది.

ఈ తీరం ఓడలకి కూలీల్నీ చుట్టాల్నీ మాత్రమే కాదు, నడిపేవాళ్ళనీ ఇచ్చింది. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో మర్చంట్ నేవీకి వెళ్ళిన కుర్రాళ్ళున్న ఊళ్ళు ఎన్నో. దొంగ ఏజెంట్ల చేతిలో లక్షలు పోగొట్టుకున్నవాళ్ళూ అక్కడే ఉన్నారు. టెక్కలి దగ్గర సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన రేవు సరుకుల రేవు. ప్రయాణికుల ఓడ కోసం మనం ఇంకొంతకాలం విశాఖే వెళ్ళాలి.

సూట్ కొనాలా, వద్దా?

మొదట చెప్పిన ఆ జీడిపప్పు వ్యాపారికి నా సలహా అడిగితే ఇదీ. ప్రయాణం రెండు మూడు రాత్రులదైతే సూట్ వద్దు. ఎక్కిన సాయంత్రం, దిగే ఉదయం పోతే మిగిలేది ఒకటో రెండో రోజులు. ఆ కాస్తలో బట్లర్‌తో పరిచయం కూడా కాదు. మిగిలిన డబ్బుతో ఇంకో ఇద్దరిని వెంట తీసుకెళ్ళొచ్చు. వారం పైబడిన విదేశీ ప్రయాణమైతే, అందులోనూ ఇంట్లో నడవలేని పెద్దవాళ్ళుంటే, సూట్ డబ్బులు వృథా కావు. క్యూలో నిలబడాల్సిన పని లేకపోవడం అరవై దాటిన మోకాళ్ళకి నిజంగా మేలు.

ఒక సంగతి మాత్రం ఏజెంటు చెప్పడు. ఓడ ఊగడం అన్నిటికంటే తక్కువగా ఉండేది మధ్యలో, కింది అంతస్తుల్లో. సూట్లు చాలావరకు పై అంతస్తుల్లో, కొన్ని ముందు కొసన ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బంగాళాఖాతం ఎలా ఉంటుందో మన తీరం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో అందరికంటే ఎక్కువ డబ్బు కట్టినవాడికే అందరికంటే ఎక్కువ తల తిరుగుతుంది. సముద్రం పడనివాళ్ళు కింది అంతస్తులో, ఓడ మధ్యన ఉన్న లోపలి గది అడగండి. అది రేటులోనూ తక్కువ. బుక్ చేసే ముందు ఇంకో రెండు అడగండి: సిబ్బంది టిప్పులు కలిపారా లేదా అని, సూట్ల వాళ్ళకి వేరే హోటలు ఆ ఓడలో నిజంగా ఉందా లేదా అని. సూట్ అన్న పేరు అన్ని ఓడల్లోనూ ఉంటుంది, మర్యాదలు అన్నిటిలోనూ ఒకలా ఉండవు. దేశంలోని రేవుల మధ్యే తిరిగే ఓడకి గుర్తింపు కార్డు చాలు, శ్రీలంక తాకేదైతే పాస్‌పోర్టు కావాలి.

ఓడల శాఖకి కూడా ఒక మనవి ఉంది. చెన్నై, కోల్‌కతాలతో పోలిస్తే విశాఖ నుంచి అండమాన్‌కి వెళ్ళే ఓడలు తక్కువ. ఆ తక్కువ ఓడల తేదీలైనా రెండు నెలల ముందు ప్రకటించండి. వాటిని తెలుగులో రాసి పలాస, సోంపేట స్టేషన్లలో పెట్టించండి. బంకు హాల్లో కింది పడకలు ముసలివాళ్ళకి, పసిపిల్లల తల్లులకి ముందు ఇవ్వండి. సూట్ ప్రయాణికుడి మర్యాదలు చూసుకోవడానికి కంపెనీలున్నాయి. బంకు ప్రయాణికుడిది మీరు చూడాల్సిందే.