సింగర్ కనిపెట్టింది మిషనా, కంతులా?

రంజాన్ నెల సగం గడిచేసరికి నంద్యాల దర్జీ షాపుల్లో "ఇంక ఆర్డర్లు తీసుకోం" అనే మాట మొదలవుతుంది. ఆళ్లగడ్డలోనూ అంతే. షాపుల్లో పట్టని పని ఇళ్లలోకి వస్తుంది. జాకెట్లు, సల్వార్లు, బురఖాలు, పిల్లల కుర్తాలు, చీరలకు ఫాల్స్... తరావీహ్ నమాజు అయ్యాక కూడా మిషన్ చప్పుడు ఆగని ఇళ్లు మన గల్లీల్లో ఎన్నో. నానీ కాలం నాటి నల్ల మిషన్ ఉన్న ఇంట్లో దాని మీద బంగారు రంగు అక్షరాల్లో 'సింగర్' అని రాసి ఉండడం చాలామంది చూసే ఉంటారు. అది ఏదో కంపెనీ పేరు అనుకుంటాం. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు.

ఆ మనిషి ఐజాక్ మెరిట్ సింగర్. 19వ శతాబ్దపు అమెరికన్. కుట్టు మిషన్‌ని అతనే కనిపెట్టాడని చాలామంది అంటారు. అది పూర్తి నిజం కాదు. అతని పేరుతో పెరిగిన కంపెనీ మన ఇళ్లలోకి ఇంకొకటి కూడా తెచ్చింది. అదే కంతుల పద్ధతి. ఈ రోజు ఫోన్ నుంచి ఫ్రిజ్ దాకా మనం కట్టే ఈఎంఐలకు అదొక ముత్తాత.

మొదటి పేటెంట్ రాయి మీద

సింగర్ 1811 అక్టోబర్ 27న న్యూయార్క్ రాష్ట్రంలోని పిట్స్‌టౌన్‌లో పుట్టాడు. తండ్రి జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. పన్నెండేళ్ల వయసులో ఇల్లు వదిలి రోచెస్టర్‌లో ఉన్న అన్న దగ్గరికి వెళ్లాడు. చదువు అంతంతమాత్రం. మెషిన్ షాపులో పని నేర్చుకున్నాడు గానీ మనసంతా నాటకాల మీదే. నాలుగు రోజులు పని చేయడం, చేతిలో డబ్బు పడగానే నాటకాల వాళ్లతో ఊళ్లు తిరగడం, ఇదీ అతని వరస.

ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుడు వింటూ పెరిగిన వాళ్లకు ఈ సంగతి బాగుంటుంది. సింగర్‌కి మొదటి పేటెంట్ వచ్చింది కుట్టు మీద కాదు, రాయి మీద. ఇల్లినాయ్ రాష్ట్రంలో కాలువ తవ్వకం పని చేస్తున్నప్పుడు రాయిని తొలిచే యంత్రం తయారు చేసి 1839లో పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని 2,000 డాలర్లకు అమ్మేశాడు. ఆ రోజుల్లో అది పెద్ద సొమ్ము. ఆ డబ్బుతో సొంత నాటక కంపెనీ పెట్టాడు. కొన్నేళ్లకు డబ్బూ పోయింది, నాటకమూ పోయింది.

తర్వాత అచ్చు అక్షరాల కోసం చెక్కను చెక్కే యంత్రం చేసి 1849లో ఇంకో పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని అమ్ముకోవడానికి బోస్టన్ చేరాడు. కొనేవాళ్లు రాలేదు. కానీ అతను అద్దెకు దిగిన వర్క్‌షాపులో ఆర్సన్ ఫెల్ప్స్ అనే యజమాని కుట్టు మిషన్లు తయారు చేస్తుండేవాడు. అవి మాటిమాటికీ మొరాయిస్తుంటే రిపేరుకు వెనక్కి వచ్చేవి. అది 1850వ సంవత్సరం. సింగర్ ఆ మిషన్‌ని విప్పి చూశాడు. 40 డాలర్లు అప్పు తీసుకుని, 11 రోజుల్లో కొత్త నమూనా తయారు చేశాడని చెబుతారు. 1851 ఆగస్టు 12న దానికి పేటెంట్ వచ్చింది.

మిషన్ లోపల జరిగేది ఏమిటి?

చేతి సూదికి బెజ్జం వెనక వైపు ఉంటుంది. సూది మొత్తం గుడ్డలోంచి దూరి అవతలికి రావాలి, మళ్లీ ఇవతలికి పోవాలి. యంత్రంతో ఈ పని చేయించడం కష్టం. మిషన్ సూదికి బెజ్జం మొన దగ్గరే ఉంటుంది. సూది గుడ్డలోంచి కిందికి దిగి కొంచెం పైకి లేస్తుంది. ఆ క్షణంలో దారం కింద చిన్న ఉచ్చులా తెరుచుకుంటుంది. షటిల్ ఆ ఉచ్చులోంచి కింది దారాన్ని దాటిస్తుంది. సూది పైకి పోగానే రెండు దారాలూ గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. పై దారం బిగువు ఎక్కువైతే కింది దారం పైకి కనబడడం, తక్కువైతే అడుగున ఉండలు కట్టడం కుట్టేవాళ్లందరికీ తెలిసిన తలనొప్పే. కారణం ఇదే.

ఈ ఆలోచన సింగర్‌ది కాదు. 1830లలోనే వాల్టర్ హంట్ అనే అమెరికన్ ఇలాంటి మిషన్ చేశాడు గానీ అప్పట్లో పేటెంట్ తీసుకోలేదు. తర్వాత ఇలియాస్ హోవ్ అనే పేద మెకానిక్ 1846 సెప్టెంబర్ 10న పేటెంట్ తీసుకున్నాడు. హోవ్ మిషన్‌లో సూది వంకరగా ఉండి అడ్డంగా కదిలేది, గుడ్డను నిలువుగా వేలాడదీయాలి. కొంత దూరం కుట్టాక ఆపి మళ్లీ సర్దుకోవాలి.

సింగర్ చేసిన మార్పులు వాడేవాళ్ల కష్టం తెలిసి చేసినట్టుంటాయి. సూదిని నిటారుగా పెట్టి పైకీ కిందికీ నడిపించాడు. గుడ్డ పరుచుకోవడానికి కింద బల్ల పెట్టాడు. గుడ్డ లేవకుండా అదిమి పట్టే పాదం పెట్టాడు. గుడ్డ తనంతట తానే ముందుకు జరిగే ఏర్పాటు చేశాడు. కాలితో తొక్కే పెడల్ ఇచ్చాడు. దాంతో రెండు చేతులూ గుడ్డ పట్టుకోవడానికి ఖాళీ అయ్యాయి. చేత్తో కుట్టే మంచి దర్జీ నిమిషానికి సుమారు 40 కుట్లు వేస్తే, సింగర్ మిషన్ 900 దాకా వేసేది. నేటి ఇంటి మిషన్‌లో మోటారు వచ్చింది, బాబిన్ ఆకారం మారింది. బల్ల, పాదం, నిటారు సూది మాత్రం అలాగే ఉన్నాయి.

కోర్టుకెక్కిన సూది

మొన దగ్గర బెజ్జం, షటిల్ కలిసి వేసే కుట్టు తన పేటెంట్ కిందికి వస్తుందని హోవ్ కోర్టుకు వెళ్లాడు, గెలిచాడు. 1854లో సింగర్ కంపెనీ అతనికి 15,000 డాలర్లు కట్టాల్సి వచ్చింది. అప్పటికి ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో పేటెంట్ ఉండేది. ఒకరి మీద ఒకరు కేసులు. చివరికి 1856లో పెద్ద కంపెనీలూ హోవ్ కూర్చుని రాజీ పడ్డారు. పేటెంట్లన్నీ ఒకే చోట చేర్చి, మిషన్ చేసే ప్రతి కంపెనీ దగ్గరా ఫీజు తీసుకుని పంచుకున్నారు. భార్య సూదిపనితో ఇల్లు నడిచిన రోజులు చూసిన హోవ్, ఈ ఒప్పందం వల్ల ధనవంతుడయ్యాడు. కానీ ఆ భార్య అప్పటికే క్షయతో చనిపోయింది. ఆ సుఖం ఆమె చూడలేదు.

డబ్బు లేనివాళ్లకు అమ్మడం ఎలా?

కేసులు తీరాయి. అసలు సమస్య అప్పుడే మొదలైంది. మిషన్ ధర 100 డాలర్ల పైమాటే. అమెరికాలో సగటు కుటుంబం ఏడాదంతా సంపాదించేది 500 డాలర్ల చుట్టుపక్కల. కుట్టు వచ్చిన ఆడవాళ్ల దగ్గర అంత డబ్బు లేదు. డబ్బున్న వాళ్లకు కుట్టే అవసరం లేదు.

దీనికి దారి చూపింది సింగర్ కాదు, అతని భాగస్వామి, లాయర్ ఎడ్వర్డ్ క్లార్క్. 1856లో అతను ఒక పథకం పెట్టాడు. ముందు 5 డాలర్లు కట్టి మిషన్ ఇంటికి తీసుకెళ్లండి, మిగతాది నెలనెలా కట్టండి. చివరి కంతు కట్టేదాకా మిషన్ కంపెనీదే. మధ్యలో ఆపేస్తే మిషన్ వెనక్కి పోతుంది, అప్పటిదాకా కట్టింది అద్దె కింద లెక్క. 1855లో 883 మిషన్లు అమ్మిన కంపెనీ, 1856లో 2,564 అమ్మింది. ఏడాదిలో దాదాపు మూడు రెట్లు. మిషన్ అదే, మనుషులూ వాళ్లే. మారింది డబ్బు కట్టే తీరు ఒక్కటే.

ఇండియాకూ ఈ కంపెనీ 19వ శతాబ్దంలోనే వచ్చింది. నస్సర్వాంజీ మెర్వాంజీ పటేల్ అనే పార్సీ వ్యాపారి బొంబాయి నుంచి ఇక్కడి అమ్మకాలు చూసుకునేవాడు. యూరప్‌లో ఇంటి ఆడవాళ్లు ఎక్కువగా కొంటే, ఇక్కడ ముందుగా అందుకున్నది దర్జీలు. మన దేశంలోనే తయారైన ఉషా మిషన్ 1936లో కలకత్తాలో మొదలైంది.

సింగర్ సంగతి ఏమైంది? 1863లో వ్యాపారం నుంచి తప్పుకుని యూరప్ వెళ్లిపోయాడు. ఇంగ్లండ్‌లో పెద్ద భవనం కట్టించుకుంటూ 1875 జూలై 23న చనిపోయాడు. సంసారం విషయంలో అతని నడవడి ఎవరికీ ఆదర్శం కాదు. ఒకరికి తెలియకుండా ఒకరితో కాపురాలు, 20 మందికి పైగా పిల్లలు.

గాంధీజీ చెప్పిన కథ, మల్లేశం చేసిన పని

యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీజీ కూడా సింగర్ మిషన్‌ని మెచ్చుకున్నారు. భార్య చేత్తో కుడుతూ పడే కష్టం చూడలేక, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని కనిపెట్టాడని 1924లో ఒక సంభాషణలో చెప్పారు. కథ అందంగా ఉంది. చరిత్ర మాత్రం వేరు. సింగర్ దిగింది డబ్బు కోసమే, ఆ మాట అతను దాచుకోనూ లేదు.

అయితే గాంధీజీ చెప్పిన కథ మన తెలుగు నేల మీద నిజంగా జరిగింది. తెలంగాణలోని ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారిది చేనేత కుటుంబం. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. పోచంపల్లి పట్టు చీర నేయాలంటే ముందు దారాన్ని పిన్నుల చుట్టూ ఆసు పోయాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆ పని చేసే తల్లి లక్ష్మి గారు భుజం నొప్పితో పడే బాధ చూసి, 1992లో ఆయన ఒక యంత్రం మొదలుపెట్టారు. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు, డబ్బు అయిపోయింది, అయినా వదల్లేదు. 1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే పెట్టుకున్నారు, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం మీద సినిమా కూడా వచ్చింది.

ఒకరు డబ్బు కోసం, ఒకరు అమ్మ కోసం. ఇద్దరి యంత్రాలూ ఆడవాళ్ల ఒంటి నొప్పిని తగ్గించాయి. కానీ ఎంత మంచి యంత్రమైనా దుకాణంలో ఉన్నంతసేపు ఎవరి నొప్పీ తగ్గదు. ఇంటికి రావాలి. అది ఏ షరతుల మీద వస్తుందన్నదే అసలు ప్రశ్న.

కంతు మీద సంతకం పెట్టే ముందు

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. ఉదాహరణకు 12,000 రూపాయల మిషన్ అనుకోండి. "12 శాతం ఫ్లాట్ వడ్డీ, ఏడాదిలో తీరిపోతుంది" అంటారు. వడ్డీ 1,440. నెలకు 1,120 చొప్పున 12 కంతులు. వినడానికి నెలకు ఒక్క శాతమే. కానీ మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నారు. ఆఖరి నెలలో మీ దగ్గర మిగిలి ఉన్న అసలు వెయ్యి రూపాయలే. అయినా వడ్డీ మాత్రం మొత్తం 12,000 మీద ఏడాది పొడుగునా వేశారు. సరిగ్గా లెక్క కడితే అది 21 శాతం దాటుతుంది. అందుకే 'ఫ్లాట్' అన్న మాట వినబడితే కాగితం ఇంకోసారి చదవాలి.

మన ఇళ్లలో ఇంకో ప్రశ్న ఉంది. కంతుల మీద కొనడం సూద్ కిందికి వస్తుందా? 1990లో జెడ్డాలో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ దీని మీద తీర్మానం చేసింది. సరుకు అమ్మేవాడు నగదు ధర కంటే కంతుల ధర ఎక్కువ చెప్పవచ్చు. కానీ బేరం కుదిరేటప్పుడే ఒకే ధర ఖాయం కావాలి. కంతు ఆలస్యమైందని దాని మీద అదనంగా వసూలు చేయడం మాత్రం సూద్ అవుతుంది. అంటే దుకాణదారు సొంతంగా అమ్మే కంతు వేరు, ఫైనాన్స్ వాళ్లు డబ్బు అప్పిచ్చి వడ్డీ తీసుకునే కంతు వేరు. మీ కాగితం ఏ రకమో తెలియకపోతే మీ మసీదు ఆలిమ్‌కి చూపించి అడగండి.

అప్పు లేకుండా వచ్చే దారి కూడా ఒకటి ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సాయం ఉంటుంది. ఇది తిరిగి కట్టాల్సింది కాదు. మొదట లక్ష, తర్వాత 2 లక్షల వరకు వచ్చే రుణం వేరు, దానికి 5 శాతం వడ్డీ ఉంది. వడ్డీ వద్దనుకునే వాళ్లు రుణం అడగకుండా శిక్షణ, పనిముట్ల సాయం వరకే తీసుకోవచ్చు. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్‌లో చేయాలి.

ఒకవేళ కంతుల మీదే కొనాల్సి వస్తే నాలుగు మాటలు అడగండి. నగదు ధర ఎంత? అన్ని కంతులూ కలిపితే ఎంత? ఒక నెల తప్పితే ఏమవుతుంది? మిషన్ మన పేరు మీదికి ఎప్పుడు వస్తుంది? జవాబులు నోటి మాటగా కాదు, కాగితం మీద రాయించుకోండి. 1856లో ఆ 5 డాలర్లు కట్టిన ఆడవాళ్లకైనా, ఈ రంజాన్‌కు కొత్త మిషన్ కొనబోయే మన అక్కచెల్లెళ్లకైనా తేడా తెచ్చేది ఈ నాలుగు జవాబులే.