గాలం కర్రకు తూకం ఎందుకు?

క్రాపీ అనే చేప మన పాపాఘ్నిలో ఉండదు. మైలవరం జలాశయంలో వల వేసినా, గండికోట నీళ్లలో గాలం వేసినా పడదు. అది ఉత్తర అమెరికా చేప. తెల్లది, నల్లది అని రెండు రకాలు. పక్కల నుంచి నొక్కినట్టు పలచగా, జానెడో జానెడున్నరో ఉంటుంది. గాలానికి పడిన తెల్ల క్రాపీల్లో రికార్డు 1957లో మిసిసిపీ రాష్ట్రంలోని ఎనిడ్ జలాశయం దగ్గర పడినదానిది. అది కూడా రెండున్నర కిలోలు తూగలేదు.

మరి చక్రాయపేటలో కూర్చుని దాని సంగతి నాకెందుకంటే, మా మనవడిది డల్లాసు దగ్గర ఉద్యోగం. శనివారం వస్తే స్నేహితులతో చెరువు గట్టు పడతాడు. ‘జేజినాయనా, ఇన్నేండ్లు ఫిజిక్స్ చెప్పినావు గదా, క్రాపీకి ఏ రాడ్డు కొనాల, ఏ రీలు కొనాల?’ అని ఫోన్లో అడిగినాడు. అంగట్లో పెట్టిన ప్రతి రాడ్డు మీదా ‘సెన్సిటివ్’, ‘బ్యాలెన్స్‌డ్’ అని రాసి ఉంటుందంట. అన్నీ అవే అయితే ఇంక ఎంచేదేముంది? ఆ రెండు మాటల వెనక లెక్క ఏమిటో చూద్దాం రండి.

ముందు చేప తీరు తెలియాలి. క్రాపీ ఎరను లాక్కుని పరుగెత్తే రకం కాదు. కింద నిలబడి పైకి చూస్తూ ఉంటుంది. ఎర అందేంత దూరానికి రాగానే నోరు ఒక్కసారిగా తెరుస్తుంది, నీళ్లతో పాటు ఎర లోపలికి జారిపోతుంది. తినేది కాదని తోస్తే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. పైకి లేచి మింగింది కాబట్టి చాలాసార్లు దారం బిగియదు, వదులవుతుంది. మనకు బెండు మునిగితే లాగడం అలవాటు. అక్కడ బెండు నీళ్ల మీద అడ్డంగా పడుకుంటుంది. దాని కింది బరువును చేప ఎత్తేసింది మరి.

ఆ బరువు ఎంత? క్రాపీకి వేసే జిగ్ అంటే సీసపు గుండు పోసిన చిన్న కొండి, దానికో రబ్బరు తోక. ఔన్సులో పదహారో వంతు, అంటే 1.8 గ్రాములు. రూపాయి బిళ్ల కంటే తేలిక. బెండు లేకుండా వేస్తే, ఆ 1.8 గ్రాములు దారం మీద నుంచి మాయమైన క్షణాన్ని మన వేలు పసిగట్టాలి.

ఇక్కడ 1834 నాటి ఒక జర్మన్ శాస్త్రవేత్తను పిలవాలి. ఎర్నెస్ట్ వేబర్ ఆయన పేరు. చేత్తో బరువులు ఎత్తించి, ఎంత తేడా ఉంటే మనిషికి తెలుస్తుందో చూశాడు. తెలిసేది తేడా మాత్రమే కాదు, ఉన్న బరువులో ఆ తేడా ఎన్నో వంతు అన్నది ముఖ్యమని తేల్చాడు. ఎత్తిన బరువుకు అది సుమారు నలభయ్యో వంతు. రాడ్డూ రీలూ కలిపి 300 గ్రాములుంటే ఏడెనిమిది గ్రాములు మారితే గానీ చేతికి తెలియదన్నమాట. మరి 1.8 గ్రాములు ఎట్లా తెలుస్తాయి?

దూరం వల్ల తెలుస్తాయి. ఆరున్నర అడుగుల రాడ్డు తీసుకోండి. రీలుకు కొంచెం ముందు చూపుడు వేలు పెట్టి పట్టుకుంటే కొన 165 సెంటీమీటర్ల అవతల ఉంటుంది. 1.8ని 165తో హెచ్చిస్తే దాదాపు 300. మణికట్టు మోసేది బరువు ఒక్కదాన్నే కాదు, బరువును దూరంతో హెచ్చించిన ఈ తిప్పుడు బలాన్ని.

ఇప్పుడు రాడ్డు సొంత లెక్క. బరువు 90 గ్రాములు, దాని గరిమనాభి వేలికి 33 సెంటీమీటర్లు ముందు ఉందనుకుందాం. సుమారు 3000 ముందుకు వాలుతుంది. 200 గ్రాముల రీలు వేలికి 6 సెంటీమీటర్లే వెనక వేలాడుతుంది కాబట్టి 1200 మాత్రమే వెనక్కి లాగుతుంది. మిగిలిన 1800 మణికట్టు నెత్తిన పడుతుంది. చేప జిగ్‌ను ఎత్తినప్పుడు తగ్గే 300 అందులో ఆరో వంతు. పిడి చివర, అంటే వేలికి 30 సెంటీమీటర్ల వెనక, 30 గ్రాముల బిళ్ల బిగిస్తే మరో 900 తగ్గిపోతుంది. మిగిలేది 900. ఇప్పుడు అదే 300 మూడో వంతు. చేప మారలేదు, జిగ్ మారలేదు, వేలికి అందే వార్త రెండింతలయింది. తూకం అంటే ఇదీ. ‘చెయ్యి నొప్పి పుట్టకుండా’ అని అంగడివాళ్లు చెప్పేది నిజమే గానీ, అందులో చిన్న భాగం. బిగబట్టిన కండరం అలిసేకొద్దీ వణుకుతుంది. ఆ వణుకులో చేప కబురు కలిసిపోతుంది.

అయితే బరువైన రీలు కొంటే సరిపోతుంది గదా అంటాడు మావాడు. సరిపోదబ్బీ! ఆ 900 రీలుతోనే తగ్గించాలంటే 150 గ్రాములు అదనంగా మోయాలి. పిడి చివరైతే 30తో అయిపోయింది. అన్నిటికన్నా మేలు కొనను తేలిక చేయడం. దారం దూరే చివరి రింగులో ఒక్క గ్రాము తగ్గినా, రీలులో 27 గ్రాములు పెంచినంత ఫలితం. అందుకే ముందు కొన తేలికైన రాడ్డును చూడు, తర్వాత దానికి తగిన చిన్న రీలును. ముందు రీలు కొని తర్వాత రాడ్డు వెతకడం తిరగబడిన బేరం.

కొన తేలికైతే ఇంకో లాభం. చేప అలజడి కొన దాకా వచ్చి అక్కడే చచ్చిపోకుండా పిడి వరకు నడుస్తుంది. గాజు పీచు కంటే కార్బన్ పీచు సుమారు మూడింతలు బిరుసు, బరువేమో మూడింట రెండు వంతులు. 1970ల మొదట్లో కార్బన్ రాడ్డు వచ్చినప్పటి నుంచి గాజు రాడ్డు వెనకబడింది ఇందుకే. మన వేళ్ల చర్మం అడుగున పాసినీ కణికలని ఉంటాయి. ఇటలీ వైద్యుడు ఫిలిప్పో పాసినీ పేరు మీద పిలుస్తారు. సెకనుకు రెండు మూడు వందల సార్లు అదిరే సన్నని కదలికను అవి బాగా పట్టుకుంటాయి. మెత్తటి, బరువైన కర్ర ఆ అదురును దారిలోనే మింగేస్తుంది. దారం సంగతీ అంతే. నైలాన్ సాగుతుంది, అల్లిక దారం సాగదు. లోతులో వేసేవాళ్లు అల్లిక దారానికే మొగ్గుతారు.

అంత బిరుసైన కర్ర కొంటే మళ్లీ చిక్కు. క్రాపీ పెదవి మరీ పలచన. వెర్రిగా లాగితే పెదవి చిరిగి చేప జారుకుంటుంది. కాబట్టి కొన మాత్రం మెత్తగా వంగాలి, కింది మూడు వంతులు నిటారుగా నిలబడాలి. రీలు బ్రేకు వదులుగా, దడదడలాడకుండా జారాలి. నా తీర్పు అడిగితే, క్రాపీకి రీలులో చూడాల్సింది ఈ ఒక్క నునుపే. రీలు లోపల పది బేరింగులున్నాయని ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

రీలు పుట్టుక మాత్రం చెప్పకుండా ఉండలేను. జమ్మలమడుగు పక్కన మోరగుడిలో మగ్గం చూసినవాళ్లకు తెలుసు, నాడెలో కండె తిరగదు. నూలు దాని కొన మీదుగా జారిపోతూ ఉంటుంది. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అనే బట్టల మిల్లు ఆసామి 1905లో పేటెంటు తీసుకున్న రీలుదీ అదే సూత్రం. అంతకుముందు ఎక్కువ రీళ్లలో చక్రమే తిరగాలి. రెండు గ్రాముల ఎరకు దాన్ని తిప్పే సత్తువ ఎక్కడిది? చక్రం కదలకుండా దారం మాత్రమే జారితే తేలిక ఎర కూడా దూరం పోతుంది. క్రాపీ జిగ్‌ను విసరగలుగుతున్నామంటే ఆ మిల్లాయన చలవే.

కొనేముందు అంగట్లోనే రీలు బిగించి, దారం ఎక్కించి, రీలుకు ముందు ఒక్క వేలు మీద రాడ్డును నిలపమని మావాడికి చెప్పాను. కొన చటుక్కున నేలకు వాలితే పక్కన పెట్టాలి, నెమ్మదిగా వంగితే తీసుకోవాలి. పట్టు కూడా నిజంగా ఎట్లా పట్టుకుంటాడో అట్లాగే చూడాలి. పది పన్నెండు అడుగుల పొడుగు కర్రలకు ఈ ఒంటివేలి పరీక్ష చెల్లదు, వాటి పిడి మోచేతికి ఆనించుకుంటారు.

మావాడుండే టెక్సాసులో 17 ఏళ్లు నిండినవాళ్లకు గాలం వెయ్యడానికి లైసెన్సు కావాలి. 1931కి ముందు పుట్టిన వాళ్లకు మినహాయింపు ఉంది, నేను అంత పెద్దవాణ్ణి కాను.

అక్కడున్న మన పిల్లలకూ, ఇక్కడ చిత్రావతి రిజర్వాయరు ఒడ్డున ఆన్‌లైన్లో తెప్పించుకున్న రాడ్లు ఊపుతున్న కుర్రవాళ్లకూ ఒక్క మాట. ఎండు వెదురుకూ కార్బన్‌కూ ఒక పెద్ద తేడా ఉంది: కార్బన్ కరెంటును మోస్తుంది. తీగల కింద నిలబడి రాడ్డు ఎత్తకండి, ఉరుము వినబడితే కింద పెట్టి దూరంగా పొండి.